చారలు మడత పడ్డ బండ డ్యామేజీ కాదు: మహబూబ్‌నగర్ బండల షాపులో నా అనుభవం

మహబూబ్‌నగర్‌లో రాయచూరు రోడ్డు వైపు ఉన్న ఒక బండల షాపులో పోయిన నెల వరండా గోడకు, మెట్లకు రాజస్థాన్ సాండ్‌స్టోన్ (ఇసుక పొరలు గట్టిపడి అయిన రాయి) తీసుకున్నాను. సరుకు మంచిది. ఓనరు ఒక్కో పలకను ఓపికగా తిప్పి చూపించాడు, కొలతలో ఎక్కడా తేడా రాలేదు.

కటింగ్ మిషన్ వెనక నాలుగు పలకలు విడిగా ఆనించి ఉన్నాయి. అడిగితే "అవి డ్యామేజీ సార్, వద్దు" అన్నాడు. దగ్గరికెళ్లి చూస్తే నాకు కాలు కదలలేదు. కింద ఎర్ర చారలు స్కేలు పెట్టి గీసినట్టు సూటిగా ఉన్నాయి, పైన కూడా అంతే, మధ్యలో జానెడు మందం మాత్రం చీర కుచ్చిళ్లలా మడతలు మడతలుగా ఉంది, ఆ మడతల తలలు కోసేసినట్టు ఆగిపోయి వాటి మీదుగా పై చార తిన్నగా వెళ్లిపోయింది.

రాయి గట్టిపడ్డాక వంగితే కింది పొరలు, పై పొరలు కూడా వంగాలి కదా. మధ్య పొర ఒక్కటే మడత పడిందంటే అప్పటికి అది ఇంకా తడి ఇసుకే. బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున తడి ఇసుకలో నిలబడి కాళ్లు గబగబా ఆడిస్తే గట్టిగా ఉన్న ఇసుక ఒక్కసారి జావలా అయి పాదం దిగిపోతుంది, చిన్నప్పుడు అందరం ఆడినదే. కుదుపుకి ఇసుక రేణువుల పట్టు సడలి, పైన ఉన్న బరువంతా మధ్యలోని నీటి మీద పడుతుంది, కాసేపు ఆ పొర మొత్తం ద్రవంలా కదులుతుంది, నీళ్లు బయటికి పోయాక ఏ ఆకారంలో ఉంటే అలాగే నిలిచిపోతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి కచ్ రణ్‌లో నేల చీల్చుకుని ఇసుక, నీళ్లు పైకి చిమ్మింది ఇందుకే.

"అయితే ఇది కూడా భూకంపమేనా సార్?" అని ఓనరు అడిగాడు. ఒక్క పలక చూసి చెప్పలేం అన్నాను. వరద ఒక్కసారిగా ఇసుక తెచ్చి కుమ్మరించినా, తుఫాను అలలు అడుగును బాదినా ఇలాగే మడత పడుతుంది. క్వారీలో అదే పొర కిలోమీటర్ల కొద్దీ ఇలాగే ఉండి, పైనా కిందా పొరలు కదలకుండా ఉంటే అప్పుడు భూకంపం మీద అనుమానం గట్టిపడుతుంది. అలా భూకంపం ముద్ర పడ్డ పొరలకు జర్మన్ శాస్త్రవేత్త జైలాకర్ 1969లో సీస్మైట్లు అని పేరు పెట్టాడు.

మా మేస్త్రీ మాత్రం పగులుతుందేమోనని టెన్షన్ పడ్డాడు. పలక మీద నీళ్లు పోసి తుడిచాం. లోపల పగులు ఉంటే మిగతాదంతా ఆరాక కూడా అక్కడ సన్నటి తడి గీత నిలుస్తుంది. ఏమీ రాలేదు, తట్టి చూస్తే ఖంగుమంది. రెండు పలకలు తీసుకుని వరండా గోడకు, కూర్చుంటే కంటికి ఎదురుగా ఉండేలా పెట్టించాను. చదరపు అడుక్కి ఇరవై రూపాయలు తగ్గించాడు కూడా.

ఇబ్బందులు కూడా చెప్పాలి. లోడింగ్ చార్జీ ముందే చెప్పలేదు, బండి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, మెట్ల బండల్లో రెండింటి మూలలు విరిగి ఉంటే ఒకటే మార్చి ఇచ్చాడు. రేటు మాట్లాడేటప్పుడే ఇవన్నీ తేల్చుకోండి. మిగిలిన రెండు మడతల పలకలు నేను వచ్చేటప్పటికి అక్కడే ఉన్నాయి, వెళ్లేవాళ్లు మిషన్ వెనక్కి వెళ్లి అడగండి.