లిస్బన్‌లో 21 రాత్రులు, 52 మెట్లు

మా అమ్మాయి పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఎమ్మెస్ చదువుతోంది. ముగ్గురు ఆడపిల్లలు కలిసి తీసుకున్న ఫ్లాటులో తనది ఒక గది. మేమిద్దరం వెళ్తే అందులో పట్టం. అందుకని పోయిన అక్టోబర్‌లో మేము వెళ్లినప్పుడు 21 రాత్రులకు విడిగా ఒక చిన్న అపార్ట్‌మెంట్ బుక్ చేసింది. ఈ రివ్యూ ఆ ఇంటి గురించి. పిల్లల దగ్గరికి మొదటిసారి యూరప్ వెళ్లే తల్లిదండ్రులకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. నాకు 62, మా ఆవిడకు 58. ఆవిడకు కుడి మోకాలు నొప్పి. నేను కరెంటు ఆఫీసులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, ఏ ఇంటికి వెళ్లినా నా చూపు ముందు మెయిన్ బోర్డు మీదికే పోతుంది.

ముందే చెప్పేస్తాను. ఇల్లు మంచిది, ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ మెట్ల గురించి ముందు చెప్పనందుకు.

హన్మకొండలో సాయంత్రం ఆరింటికి కారెక్కాం. తెల్లవారుజామున శంషాబాద్ నుంచి దుబాయ్, అక్కడ మూడు గంటలు ఆగి లిస్బన్‌కు మరో ఎనిమిది గంటలు. దిగి బయటికొచ్చేసరికి అక్కడ మధ్యాహ్నం మూడు, మన దగ్గర రాత్రి ఏడున్నర. అమ్మాయి గేటు దగ్గరే నిలబడి ఉంది. పది నెలల తర్వాత చూడటం. వాళ్లమ్మ దాన్ని పట్టుకుని వదల్లేదు. నేను పెట్టెలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

ఎయిర్‌పోర్టు లోపలి నుంచే మెట్రో ఉంది. ఎర్ర లైనులో అలమేద దాకా వెళ్లి, అక్కడ ఆకుపచ్చ లైను మారి మార్తిం మొనీజ్‌లో దిగాలి. కార్డు ఖరీదు 50 సెంట్లు, అందులో డబ్బులు వేసుకుంటూ మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. మనిషికో కార్డు మాత్రం తప్పదు, ఒక్క కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. అంతవరకూ హాయిగానే ఉంది.

మార్తిం మొనీజ్‌లో బయటికి వచ్చాక అసలు ప్రయాణం మొదలైంది. ఇల్లున్న పేటను మొరారియా అంటారు. 1147లో పోర్చుగల్ రాజు లిస్బన్‌ను గెలిచాక ముస్లింలను ఉండమన్న పేట ఇది, ఆ పేరే నిలిచింది. కొండవాలు మీద పాత ఇళ్లు, మధ్యలో సందులు. ఆ సందుల్లో చాలావాటికి కారు రాదు, కొన్ని సందులైతే మొత్తం మెట్లే. నేల మీద అగ్గిపెట్టెంత తెల్ల సున్నపురాళ్లు పరిచి ఉంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి కానీ వాటి మీద 23 కిలోల పెట్టె లాగితే చక్రాలు రాయికీ రాయికీ మధ్య ఇరుక్కుంటాయి. 'మెట్రోకి 6 నిమిషాలు' అని ప్రకటనలో రాశారు. పాతికేళ్ల కుర్రాడు ఉత్త చేతులతో నడిస్తే అది నిజమే. మాకు ముప్పావుగంట పట్టింది. "నాన్నా, మీరు అమ్మతో ఇక్కడే ఉండండి, నేను ఒక్కో పెట్టె పెట్టి వస్తా" అని పిల్ల పైకీ కిందికీ తిరుగుతుంటే నాకు మనసు ఒప్పలేదు.

తీరా గుమ్మం దగ్గరికి వెళ్తే తాళం బయట చిన్న ఇనుప డబ్బాలో ఉంది. నాలుగంకెల నంబరు తిప్పితే తెరుచుకుంటుంది. ఆ నంబరు పంపాల్సిన ఓనరు పంపలేదు, ఫోను ఎత్తలేదు. ఇరవై ఐదు నిమిషాలు వీధిలో నిలబడ్డాం. ఇంటి నుంచి బయల్దేరి అప్పటికి పూర్తిగా ఒక రోజు దాటింది. మా ఆవిడ మెట్టు మీదే కూర్చుండిపోయింది. అప్పుడు కింది వాటాలో కిటికీ తెరుచుకుంది. ఎనభై ఏళ్లు ఉంటాయేమో, నల్ల స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడ తొంగిచూసింది. లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి బయట వేసింది. మళ్లీ వెళ్లి గాజు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. నంబరు వచ్చేదాకా ఆవిడ అక్కడే నిలబడి మాకు తోడుంది.

ఇక మెట్లు. ఇల్లు సెకండ్ ఫ్లోర్. లిఫ్టు లేదు. 52 చెక్క మెట్లు, నిటారుగా, ఇద్దరు ఎదురైతే ఒకరు ఆగాల్సినంత ఇరుకుగా ఉన్నాయి. పేజీలో ఫ్లోర్ నంబరుంది, లిఫ్టు లేదన్న మాట ఎక్కడా లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మా ఆవిడ రోజుకి ఒక్కసారే దిగి ఒక్కసారే ఎక్కేలా మేం ఆ మూడు వారాలూ ప్లాన్ చేసుకోవాల్సి వచ్చింది.

లోపల అడుగుపెట్టాక మాత్రం ప్రాణం లేచొచ్చింది. అంతా కలిపి 28 చదరపు మీటర్లు. ఒక గది, అందులోనే ఒక గోడకు వంటగట్టు, మూలకు స్నానాలగది. దుప్పట్లు ఎండలో ఆరేసిన వాసన వేస్తున్నాయి. మంచం గట్టిది, నడుము నొప్పి రాలేదు. బల్ల మీద ఓనరు పెట్టిన కాగితం అమ్మాయి చదువుతూ "తువాల్య అల్మారాలో ఉన్నాయట" అంది. మా ఆవిడ ఆశ్చర్యపోయి "తువ్వాలు మన మాట కదే!" అంది. కాదు, పోర్చుగీసు వాళ్ల మాటే మన దగ్గరికి వచ్చింది. అల్మారా కూడా అంతే. మనం రోజూ అనే బొత్తాం, మేస్త్రి, అనాసపండు కూడా ఆ భాషవే. అంత దూరం వెళ్లి తువ్వాలును తువ్వాలనే అడగొచ్చని తెలిశాక, మా ఆవిడకు ఆ ఊరంటే సగం భయం పోయింది.

నా లెక్క ప్రకారం ఈ ఇంట్లో తెలుసుకోవాల్సిన అసలు సంగతి కరెంటు. రెండో రోజు పొద్దున ఎలక్ట్రిక్ స్టవ్ మీద అన్నం పెట్టి, పక్కన కెటిల్‌లో నీళ్లు పెట్టగానే ఇల్లంతా చీకటి. తలుపు పక్కన బోర్డు తెరిచి చూస్తే మెయిన్ మీద 15 ఆంపియర్లు అని ఉంది. అక్కడా మనలాగే 230 వోల్టులు. అంటే మొత్తం 3,450 వాట్లు. కెటిల్ 2,200, స్టవ్‌లో ఒక్క పొయ్యి 1,800. కలిపితే 4,000, మెయిన్ ఎలా తట్టుకుంటుంది? పోర్చుగల్‌లో ఇంటికి ఎంత లోడు కావాలో ముందే ఎంచుకుని దాని ప్రకారం నెలనెలా కడతారు, చిన్న ఇళ్లకు 3.45 కేవీఏ, అంటే ఈ 3,450 వాట్లే, మామూలు. తప్పు వైరింగుది కాదు. వైరింగు నేను చూసినంతలో శుభ్రంగా ఉంది, ఎర్త్ సరిగ్గా ఉంది. కానీ ఈ ఒక్క వాక్యం ఆ కాగితం మీద రాసి ఉంటే కొత్తవాళ్లు చీకట్లో తడుముకోరు. స్టవ్, కెటిల్, వాషింగ్ మెషిన్, వీటిలో ఒకసారి ఒక్కటే వాడండి. మన రెండు పిన్నుల ఛార్జర్లు అక్కడి ప్లగ్గుల్లో పడతాయి, మూడు పిన్నులవి పడవు.

స్టవ్ గురించి ఇంకో మాట. పైన నల్లటి గాజు పలక ఉండే రకం. అదృష్టం కొద్దీ అది ఇండక్షన్ కాదు, మేం మోసుకెళ్లిన అల్యూమినియం కుక్కరు పనిచేసింది. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అడగకుండా కుక్కరు మోసుకెళ్లకండి.

నాలుగో రోజు వేడినీళ్లు ఆగిపోయాయి. అక్కడ గీజరు గ్యాసుది, వంటగట్టు పక్కన గోడకు ఉంటుంది. కుళాయి తిప్పితే దానంతటదే టిక్ టిక్ మని వెలగాలి. ఆ టిక్ మనే శబ్దం రావట్లేదు. ఓనరుకు మెసేజ్ పెడితే 'రేపు మనిషిని పంపుతాను' అన్నాడు. అడుగున చిన్న మూత కనిపిస్తే తీసి చూశాను. రెండు పెద్ద టార్చిలైటు సెల్లులు, ఒకటి కారిపోయి పచ్చగా పొక్కింది. మార్తిం మొనీజ్ పక్కనే బెన్‌ఫొర్మోజు వీధిలో ఒక బంగ్లాదేశ్ అబ్బాయి కొట్లో కొత్త సెల్లులు కొని, ఆ పచ్చదనాన్ని పాత బ్రష్‌తో గీకి, తిరిగి పెట్టాను. మొదటి టిక్‌కే నీలం మంట వచ్చింది. అంటే ఆ సెల్లులు చాలాకాలంగా ఎవరూ చూడలేదు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు చూసుకోవాల్సిన పని అది.

వంటకు మాత్రం ఈ పేటను మించింది లేదు. అదే బెన్‌ఫొర్మోజు వీధిలో కందిపప్పు, గోధుమపిండి, పచ్చిమిరపకాయలు, మామిడికాయ పచ్చడి అన్నీ దొరికాయి. పోర్చుగీసు వాళ్లు అన్నం బాగా తింటారు, మామూలు సూపర్ మార్కెట్లలోనే రకరకాల బియ్యం ఉంటాయి. మేం పొడుగు గింజ బియ్యం తెచ్చుకున్నాం, పప్పుచారులోకి బాగా కుదిరింది. కొత్తిమీర కూడా వాళ్ల వంటల్లో విరివిగా వాడతారు, పెద్ద పెద్ద కట్టలు అమ్ముతారు. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. స్నానాలగదిలో బకెట్టు, మగ్గు లేవు. దగ్గరి కొట్లో రెండూ కలిపి 5 యూరోలకు కొన్నాం.

ఆ ఇంట్లో మా ఆవిడకు అన్నిటికన్నా నచ్చింది కిటికీ. బయట గోడకు రెండు చిన్న కప్పీలు, వాటి మీద తాడు. లోపల నిలబడి ఒక్కో బట్టా తగిలించి తాడు లాగుతుంటే అవి వీధి మీదుగా అలా జరిగిపోతాయి. మొదటి రోజు చీర ఆరేస్తే గాలికి జారబోయింది. ఎదురింటి కిటికీలో ఒకావిడ చూసి, రెండు క్లిప్పులు కాదు ఆరు పెట్టమని వేళ్లు చూపించింది. మర్నాటి నుంచి పొద్దున్నే ఇద్దరూ బట్టలారేసుకుంటూ తలూపుకునేవాళ్లు. ఆ పసుపు పచ్చ వెంకటగిరి చీర అక్కడ ఊగుతుంటే కింద నుంచి పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

శుక్ర, శనివారాల్లో కింది సందులో అర్ధరాత్రి దాకా సందడి ఉంటుంది, నిద్ర తేలికైనవాళ్లు గుర్తుంచుకోండి. అద్దె రాత్రికి 70 యూరోల చొప్పున 1,470 అయింది. దీనికి తోడు లిస్బన్ నగర పన్ను మనిషికి రాత్రికి 4 యూరోలు, ఏడు రాత్రుల వరకే వసూలు చేస్తారు. మా ఇద్దరికీ 56 అయింది, అది మేం ముందు లెక్కేసుకోలేదు.

మళ్లీ వెళ్తే ఇదే పేటలో ఉంటాం, కానీ కింది వాటా చూసుకుంటాం. బుక్ చేసే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. డబ్బు కట్టకముందే ఓనరును నేరుగా అడగండి: లోపల మెట్లెన్ని, కారు ఆగే చోటు నుంచి గుమ్మం దాకా మెట్లెన్ని, తాళం నంబరు ఎప్పుడు పంపుతారు. అమ్మానాన్నలు వస్తున్నారని కూడా చెప్పండి.

వచ్చేముందు రోజు కింది వాటా పెద్దావిడకు మా ఆవిడ ఒక డబ్బాలో సున్నుండలు ఇచ్చి వచ్చింది. నేను ఇంకో రెండు కొత్త సెల్లులు కొని వంటగట్టు కింద ఎడమవైపు సొరుగులో పెట్టాను. అవి గీజరులో ఎక్కడ వెయ్యాలో, మూత ఎటు తిప్పాలో అమ్మాయి చేత పోర్చుగీసులోనూ ఇంగ్లీషులోనూ రాయించి పక్కనే ఉంచాను. ఆ ఇంట్లో దిగేవాళ్లకు వేడినీళ్లు రాకపోతే ముందు ఆ సొరుగు చూడండి.