పాత తెల్ల లెన్సా, కొత్త తెల్ల లెన్సా?

కెనాన్ ఆర్6 అనే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా బాడీ కొనేసరికి నా దగ్గర డబ్బులు అయిపోయాయి. లెన్స్ పాతదే మిగిలింది. ఈఎఫ్ (పాత మౌంట్) 70-200 మిల్లీమీటర్ల జూమ్, ఎఫ్/2.8 రెండో వెర్షన్, 2010లో వచ్చిన మోడల్. కర్నూలు పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్ల భుజాన వేలాడే తెల్ల గొట్టం అదే. కొత్త బాడీకి పాత లెన్స్ ఎక్కించే అడాప్టర్ వేసి రెండు సీజన్లు దానితోనే లాక్కొచ్చాను. మొన్న ఇదే పాత లెన్స్ ఉన్న మా వీధి తమ్ముడొకడు, "అన్నా, నాది అమ్మేసి ఆర్‌ఎఫ్ తీసుకుంటే మేలా? లేకుంటే ఎఫ్/4 సరిపోతుందా?" అని అడిగాడు. ఆర్‌ఎఫ్ అంటే కొత్త బాడీకి నేరుగా ఎక్కే లెన్స్, ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ వస్తుంది. ఆర్‌ఎఫ్‌లోనే 2.8, ఎఫ్/4 రెండూ తోటివాళ్ల దగ్గర అడిగి తెచ్చుకుని వాడాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు బరువు సంగతి. పాతది 1,490 గ్రాములు, దానికి అడాప్టర్ 110. అంటే కిలో 600. ఆర్‌ఎఫ్ 2.8 మొదటి మోడల్ ట్రైపాడ్‌కు బిగించే కాలర్ తీసేస్తే 1,070 గ్రాములు. ఎఫ్/4 అయితే 695 మాత్రమే. రాత్రి రిసెప్షన్ తీసి, తెల్లవారుజామున ముహూర్తం తీసి, భోజనాల పంక్తి దగ్గరికి వచ్చేసరికి ఆ అరకిలో తేడా ఏమిటో మణికట్టే చెబుతుంది. ఇందులో పాత లెన్స్ ఓడిపోయినట్టే, వాదన లేదు.

అడాప్టర్ పెడితే క్వాలిటీ పోతుందని చాలామందికి అనుమానం. అందులో గాజు ముక్కే లేదు, అది ఉత్త బోలు గొట్టం. పాత మౌంట్‌లో లెన్స్‌కీ సెన్సార్‌కీ మధ్య 44 మిల్లీమీటర్ల దూరం ఉండాలి, కొత్త మౌంట్‌లో అది 20. మిగిలిన 24 మిల్లీమీటర్లను నింపి, కరెంటునూ సిగ్నళ్లనూ అటూ ఇటూ చేరవేయడమే దాని పని. నిజానికి పాత లెన్స్ ఫోకస్ మిర్రర్‌లెస్‌లో ఇంకా మెరుగైంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో (లోపల అద్దం ఉన్న పాతరకం కెమెరాలో) ఫోకస్ చూసే భాగం అద్దం కింద వేరుగా ఉంటుంది, సెన్సార్‌తో దాని లెక్క కొంచెం తప్పొచ్చు. అందుకే పెళ్లికూతురి కన్ను వదిలేసి ముక్కుపుడక షార్ప్‌గా వచ్చేది, మనం మెనూలో మైక్రో అడ్జస్ట్‌మెంట్ అంటూ తంటాలు పడేవాళ్లం. ఇప్పుడు సెన్సారే ఫోకస్ చూస్తుంది కాబట్టి ఆ బాధ తప్పింది. కన్నును పట్టుకునే ఫోకస్ కూడా పాత లెన్స్‌తో బాగానే పనిచేస్తుంది.

అయితే అడాప్టర్ దగ్గర కక్కుర్తి పడొద్దు. నేను మొదట చవకది ఒకటి కొన్నాను. అందులో లెన్స్ కొంచెం కదులుతూ ఉండేది. ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు స్క్రీన్ మీద ఎర్రర్ వచ్చింది. లెన్స్ తిప్పి మళ్లీ బిగించేలోపు రెండో ముడి కూడా పడిపోయింది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కంపెనీ అడాప్టర్ కొన్నా కొత్త లెన్స్ ధరలో పదోవంతు కాదు.

ఇక ఎఫ్/4. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో పొద్దున్నే ప్రీ వెడ్డింగ్ షూట్‌కు దానంత హాయి ఇంకోటి లేదు. బండలెక్కి దిగుతుంటే చేతిలో బరువే తెలియదు. రాత్రి మండపంలోనే చిక్కు. 2.8తో ఐఎస్ఓ (పెంచేకొద్దీ ఫొటోలో గరుకుదనం పెరిగే సెట్టింగ్) 3200లో వచ్చే ఫొటోకు ఎఫ్/4తో 6400 పెట్టాలి. స్టెబిలైజర్ ఉందిగా అంటారు. అది మన చేతి వణుకును ఆపుతుంది, తలంబ్రాలు పోసే చేతిని ఆపదు కదా! వెనకున్న సీరియల్ బల్బులు కూడా 2.8లో కరిగినంత మెత్తగా కరగవు.

కొత్త 2.8 గట్టిగా గెలిచేది వీడియోలో. ఫోకస్ ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి చప్పుడు లేకుండా, తడబడకుండా జారుతుంది. పాతది కాస్త కుదుపుతుంది, దాని మోటారు గరగర కెమెరా మైక్‌లో పడుతుంది. ఒక్కటే జాగ్రత్త. కొత్తది జూమ్ చేస్తే గొట్టం బయటికి సాగుతుంది. సీల్ ఉంది కానీ, హల్దీలో పసుపు పడినప్పుడు తుడిచి లోపలికి తోస్తే మంచిది. పాతదానికి ఆ పనే లేదు, జూమ్ అంతా లోపలే.

నన్ను పాతదానికి కట్టిపడేసింది మాత్రం రోళ్లపాడు అభయారణ్యం. పెళ్లిళ్లు లేని ఆదివారాలు కృష్ణజింకల కోసం అక్కడికి పోతుంటాను. అవి దగ్గరికి రానివ్వవు, 200 చాలదు. పాత లెన్స్‌కు 1.4 ఎక్స్‌టెండర్ (జూమ్ పెంచే అదనపు లెన్స్ ముక్క) వేస్తే 280 ఎఫ్/4, 2 వేస్తే 400 ఎఫ్/5.6 అవుతుంది. ఆర్‌ఎఫ్ 2.8 మొదటి మోడల్‌కు ఎక్స్‌టెండర్ ఎక్కనే ఎక్కదు, ఎఫ్/4కు కూడా అంతే. ఇంత డబ్బు పోసి కొన్నదానికి అదేం లోపమో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2024లో వచ్చిన ఆర్‌ఎఫ్ 2.8 జెడ్ మోడల్‌కు ఎక్కుతుంది, దాని జూమ్ కూడా లోపలే. ధర మాత్రం ఇంకా పైన.

తమ్ముడికి సగం పని వీడియోలే, అడవుల జోలికి పోడు. అతను పాతది అమ్మి ఆర్‌ఎఫ్ 2.8 తీసుకోవడమే మేలు, అదే చెప్పాను. మండపం పనిలో ఉన్నవాడు ఎఫ్/4 ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు నచ్చదు. నాది నేను అమ్మడం లేదు. ఈ సీజన్ అయ్యాక ఎక్స్‌టెండర్ సంచిలో వేసుకుని మళ్లీ రోళ్లపాడు పోవాలి.