విశాఖలో పాత పన్నెండు బోరు తుపాకీ కొనేవాళ్లకు హెచ్చరిక: "రిస్టోర్ చేస్తే చాలు" అంటే నమ్మకండి

ఆయుధ లైసెన్స్ ఉండి, పాత ఇంగ్లిష్ డబుల్ బ్యారెల్ కోసం వెతుకుతున్న విశాఖ మిత్రులు దయచేసి ఇది పూర్తిగా చదవండి. బర్మింగ్‌హామ్‌లో తయారైన, వందేళ్లు దాటిన ఒక డీబీబీఎల్ (రెండు గొట్టాలుండి, వెనక నుంచి తూటా పెట్టే) తుపాకీ మన ఊళ్లో అమ్మకానికి తిరుగుతోంది. "పాత కుటుంబం గన్ సార్, మధ్యలో చిన్న చిన్న మార్పులు చేయించారు. రిస్టోర్ చేయిస్తే రెట్టింపు పలుకుతుంది" అని చెబుతున్నారు. నాకూ అలాగే చెప్పారు. పరీక్షలో లోపం తేలితే డబ్బు వాపసు అని కాగితం మీద సంతకం తీసుకుని యాభై వేలు అడ్వాన్స్ ఇచ్చాను. లోపం ఒకటి కాదు, వరుసగా తేలాయి. డబ్బు మాత్రం రాలేదు. అమ్మే ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు.

మామూలు లైసెన్స్‌దారులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980లలోనే ఆగిపోయింది కాబట్టి దేశంలో మిగిలిన పాత ఇంగ్లిష్ గన్‌లకు ఇంత గిరాకీ. ఆ గిరాకీ వల్లే పాడు చేసిన తుపాకీని కూడా "వింటేజ్" అని అంటగడుతున్నారు.

తుపాకీ ఒక లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్‌లో ఉంది. అక్కడే, అనుభవమున్న గన్‌స్మిత్ చేత విప్పించి చూపించాను. ఆయన ముందుగా పట్టుకున్నది గొట్టాల మూతిని. జోడు గొట్టాలు వెనక దూరంగా మొదలై, మూతి దగ్గరకు వచ్చేసరికి ఒకదాన్నొకటి తాకేంత దగ్గరవుతాయి. ముందు భాగం కోసేస్తే రెండింటి మధ్య సందు మిగిలిపోతుంది. ఇక్కడ ఆ సందును టంకంతో పూడ్చి, పైన నల్లగా కనిపించేలా చేశారు. టేపు పెడితే పొడవు 24 అంగుళాలు. ఆ కాలపు తుపాకులకు 28, 30 అంగుళాలు మామూలు. ఇంకో సాక్ష్యం గొట్టాల అడుగునే ఉంది. ఎడమ గొట్టం మీద "చోక్" (మూతి దగ్గర గొట్టం లోపల సన్నబడటం) అని ముద్ర కొట్టి ఉంది. ఫుల్ చోక్ అయితే మూతి లోపలి వ్యాసం బోరు (మిగతా గొట్టం లోపలి వ్యాసం) కంటే దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గాలి. కొలిస్తే తేడా ఏమీ లేదు. చోక్ ఉన్న ముక్కనే కోసేశారన్నమాట.

తర్వాత ఆ మెరుపు సంగతి. ఫొటోల్లో చూసినవాళ్లను పడగొట్టేది అదే, నిగనిగలాడే నలుపు. పాత జోడు గొట్టాల తుపాకీకి సన్నగా తుప్పు పట్టించి, రుద్ది, మళ్లీ పట్టించి నెమ్మదిగా నలుపు తెస్తారు. దీన్ని మాత్రం వేడి కాస్టిక్ ద్రావణంలో ముంచి తీశారు. ఆ ద్రావణం గొట్టాల మధ్య రిబ్‌ను (పొడవాటి లోహపు పట్టీని) పట్టి ఉంచే టంకాన్ని తినేస్తుంది, రిబ్ కిందికి దూరి అక్కడే ఉండిపోతుంది. ఇక మన సముద్రపు గాలి, ఉక్క తోడైతే లోపల తుప్పు ఎంత దూరం పోయిందో బయటికి తెలియనే తెలియదు. గన్‌స్మిత్ గొట్టాలను విడిగా వేలాడదీసి గోటితో తట్టారు. బాగున్నవి గంటలా మోగుతాయి. ఇవి ఠక్కుమని ఆగిపోయాయి.

అన్నిటికంటే భయపెట్టింది చాంబర్, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు. ఆ కాలపు పన్నెండు బోరుకు చాంబర్ రెండున్నర అంగుళాలు ఉంటుంది. పొడవు తూటాలు పట్టాలని ఎవరో దీన్ని రెండుముప్పావుకు తొలిచారు. అంటే పేలుడు ఒత్తిడి ఎక్కువగా ఉండే చోటే ఇనుము తగ్గింది. పైగా ప్రూఫ్ ముద్రలు (గొట్టం బలం పరీక్షించి కొట్టేవి) పాతకాలపు నల్ల గన్‌పౌడర్‌వే, పొగరాని మందుకు కొట్టే నైట్రో ముద్ర లేదు. ఇప్పుడు మనకు దొరికే తూటాలేమో పొగరాని మందువి. ముందు వైపు గొట్టం మందం కొన్నిచోట్ల అర మిల్లీమీటరు కూడా లేదు. దాన్ని భుజానికి ఆనించి పేల్చేది మనమే, ఎడమ చెయ్యి ఉండేది ఆ గొట్టాల కిందే.

"ఇంతకీ రిస్టోర్ చేయొచ్చా?" అని నేనూ అడిగాను. చెక్క మీద పూసిన వార్నిష్ తీసి నూనె పట్టించొచ్చు. రబ్బరు ప్యాడ్ మార్చొచ్చు. నలుపు మళ్లీ తెప్పించొచ్చు, రిబ్ కూడా తిరిగి అతికించొచ్చు. కోసిన పొడవు, పోయిన చోక్, తొలిచేసిన ఇనుము మాత్రం తిరిగి రావు. పాత గొట్టాల మొదలు ఉంచి కొత్త గొట్టాలు తొడిగే పద్ధతి ఉంది గానీ, దాన్ని మళ్లీ ప్రూఫ్ పరీక్షకు పంపాలి, ఖర్చు తుపాకీ ధరను మించిపోతుంది. నేను వద్దనుకున్నాను. చెక్క, నలుపు మాత్రమే చెడిన తుపాకీ అయితే సంతోషంగా చేయించేవాణ్ని.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1959 ఆయుధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం గొట్టం పొడవు తగ్గించాలంటే అందుకు లైసెన్స్ కావాలి. ఆ కాగితం చూపించమంటే అమ్మే ఆయన "అప్పట్లో అవన్నీ ఎవరు చూశారండీ" అన్నారు. లైసెన్స్‌దారు తన సొంత తుపాకీ అమ్మాలంటే ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలపాలి, తర్వాత 45 రోజులు ఆగాలి. అదీ జరగలేదు. "ముందు మీరు తీసుకెళ్లండి, కాగితాలు తర్వాత చూద్దాం" అని ఎవరన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 2019 సవరణ తర్వాత ఒక్కొక్కరికి రెండే తుపాకులు. అందులో ఒకటి ఇలాంటిదైతే ఆ చోటు వృథా.

గొట్టాలు, ఫోరెండ్ (గొట్టాల కింద చెయ్యి పట్టే చెక్క భాగం), యాక్షన్ (తెరిచి మూసే, పేల్చే యంత్రాంగం ఉన్న భాగం) మూడింటి మీదా నంబరు ఒకటేనా, అది లైసెన్స్‌లో ఉన్న నంబరేనా అని చూడండి. అరిగిన అంకె మీద మళ్లీ కొట్టినట్టు అనిపిస్తే ముట్టుకోవద్దు.

నేను చెబుతున్న తుపాకీ గుర్తులివి: 24 అంగుళాల గొట్టాలు, అద్దంలాంటి నలుపు, మెరిసే వార్నిష్ వేసిన చెక్క, వెనక ఎర్ర రబ్బరు ప్యాడ్. లాయర్ ద్వారా నోటీసు పంపాను. ఇదే తుపాకీకి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉంటే రసీదు, మెసేజ్‌లు భద్రంగా ఉంచుకుని నాకు చెప్పండి, కలిసి ఫిర్యాదు ఇద్దాం.