ములుగు రోడ్డు రేడియేటర్ షాపు: కూలెంట్ కన్నా ముందు నీళ్ల ముచ్చట

ఇంజన్ వేడెక్కకుండ రేడియేటర్‌ల పోసే కూలెంట్ డబ్బా హనుమకొండల ఏ స్పేర్ పార్ట్స్ షాపుకు పోయినా దొరుకుతది. ములుగు రోడ్డు మీద నేను పోయే ఈ చిన్న రేడియేటర్ షాపుల మాత్రం డబ్బా తీసే ముందే అడుగుతరు: బండి ఏంది, లోపల ఏ కూలెంట్ ఉన్నది, ఏ నీళ్లు పోస్తున్నరు అని. నాకు నచ్చింది అదే.

నాది ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే ట్రాలీ. సీజన్‌ల ఎండకు లైన్‌ల ఇంచు ఇంచు జరగాలె. ముందటి నుంచి గాలి తగలదు, అంతా ఫ్యాన్ మీదనే.

షాపాయన విప్పిన పాత రేడియేటర్ ఒకటి చూపెట్టిండు. గొట్టాలల్ల తెల్లగ సున్నం గట్టిపడి, సూది గూడ దూరేటట్టు లేదు. బోరు నీళ్లల్ల ఉండే కాల్షియం, మెగ్నీషియం వేడి తగిలిన కాడ గట్లనే పొర కడతయి. ఆ పొర ఇంజన్ వేడిని బయటికి పోనియ్యదు. మా బోరు నీళ్లు సీసాల పట్టుకపోతే, నీళ్లల్ల కరిగిన లవణాలు ఎంతున్నయో చూపే టీడీఎస్ మీటర్ పెట్టిండు. 800 దాటింది. డిస్టిల్డ్ వాటర్ 5 లోపలనే ఉన్నది.

ఉత్త కూలెంటే నింపితే ఇంకా సల్లగ ఉంటది అనుకునేటోళ్లు చానామంది ఉన్నరు. అది తప్పు. వేడిని మోసేది నీళ్లే. కూలెంట్‌ల ఉండే గ్లైకాల్ కలిస్తే నీళ్లు మరిగే వేడి పెరుగుతది, కూలెంట్‌ల కలిపిన మందు తుప్పును ఆపుతది. సగం సగం కలిపితే రేడియేటర్ మూత ఒత్తిడి లేకున్నా 107 డిగ్రీల దాకా మరగదు. నాకు కాన్‌సెంట్రేట్ (నీళ్లు కలపని కూలెంట్), డిస్టిల్డ్ వాటర్ నా ముందటనే కొలిచి కలిపిన్రు. కలిపే ఓపిక లేనోళ్లకు ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ మంచిదే, దాంట్ల మళ్ల నీళ్లు పొయ్యద్దు.

రంగు చూసి కొనకుండ్రి. ఆకుపచ్చ, ఎరుపు అనేది కంపెనీ ఇష్టం. బండి మాన్యువల్‌ల ఏ రకం రాసిండ్రో అదే అడగాలె. వీళ్లు పాతదంతా తీసి, కడిగి, గాలి బుడగలు పోయేదాక ఇంజన్ నడిపి, సల్లారినంక మళ్ల లెవల్ చూసిన్రు. తీసిన కూలెంట్ మోరీల పొయ్యలేదు, క్యాన్‌ల పట్టిన్రు. అది తియ్యగ ఉంటది, కుక్కలు నాకితే సస్తయి. ఈ ఒక్క పనికే వాళ్లకు దండం పెట్టాలె.

ఒక్కటే ఇబ్బంది. ఎండాకాలం ఇన్వర్టర్లకు గూడ కొంటరు కాబట్టి సాయంత్రానికి డిస్టిల్డ్ వాటర్ అయిపోతున్నది. పొద్దున్నే పోండ్రి.