రట్గర్స్ అబ్సెషన్ బేసిల్ విత్తనాలు: కుండీలో పెంచేవాళ్లకు నా మాట

బేసిల్ (ఇటలీ వంటల్లో వాడే తులసి) విత్తనాలు ఏవి తెప్పించుకోమంటావని న్యూజెర్సీలో మా ఎడిసన్ చుట్టుపక్కల ఎవరడిగినా నేను చెప్పే పేరు ఒక్కటే: రట్గర్స్ అబ్సెషన్ డీఎంఆర్. చివరి మూడక్షరాలకీ అర్థం డౌనీ మిల్‌డ్యూ రెసిస్టెంట్, అంటే డౌనీ మిల్‌డ్యూ అనే ఆకు తెగులును తట్టుకునే రకమని. ఆ తెగులు సంగతి తెలిస్తే గానీ ఈ ప్యాకెట్ విలువ తెలియదు.

అందరూ వేసే మామూలు ఇటలీ రకం జెనోవీస్ బేసిల్ జూన్‌లో కన్నులపండువగా ఉంటుంది. జూలై వానలూ ఉక్కపోతా మొదలయ్యాక ఆకుల మీద ఈనెకీ ఈనెకీ మధ్య పసుపు తేలుతుంది. ఎరువు చాలలేదేమో అనుకుంటాం. పొద్దున్నే, మంచు తడి ఆరకముందు ఆకు తిప్పి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. అడుగున ఊదా కలిసిన బూడిదరంగు పొడి, ఈనె దగ్గరికి రాగానే గీత గీసినట్టు ఆగిపోయి ఉంటుంది. గాలి వీస్తే చాలు, పక్క కుండీకి చేరుతుంది. అక్కడి నుంచి మొక్క దక్కడం కష్టం. ఈ తెగులు అమెరికాలో 2007లో ఫ్లోరిడాలో కనబడి, ఆ తర్వాత ఈస్ట్ కోస్ట్ అంతా పాకింది. న్యూజెర్సీలో బేసిల్ వేసే రైతులకి పెద్ద దెబ్బ తగిలింది.

మా పక్కనే న్యూ బ్రన్స్‌విక్‌లో ఉన్న రట్గర్స్ యూనివర్సిటీ వాళ్లు ఏళ్ల తరబడి సంకరాలు చేసి, ఈ తెగులును తట్టుకునే నాలుగు రకాలు 2018లో విడుదల చేశారు: అబ్సెషన్, డివోషన్, ప్యాషన్, థండర్‌స్ట్రక్. జన్యుమార్పిడి కాదు, మామూలు పద్ధతిలో చేసిన సంకరమే. అబ్సెషన్ పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది. మా టౌన్‌హోమ్ వెనక ఉన్నది చిన్న డెక్, దాని మీద గాలి ఎక్కువ. ఈ మొక్క కుండీలో ఒరిగిపోకుండా నిలబడుతుంది.

గింజలు చేతిలోకి తీసుకుంటే అచ్చం మన సబ్జా గింజలే. జాతి ఒకటే మరి! తడి తగలగానే అదే జిగురు పొర కడతాయి. అందుకే లోతుగా పాతకూడదు. మట్టి మీద చల్లి, కనబడీ కనబడనట్టు పలుచగా మట్టి రాల్చి, తేమ ఆరకుండా చూస్తే చాలు. ఏప్రిల్ మొదట్లో కిటికీ దగ్గర పెడితే వారం పది రోజుల్లో మొలకలొస్తాయి. మే సగం దాటేవరకు బయట పెట్టొద్దు. బేసిల్‌కి చలి అస్సలు పడదు. రాత్రి ఉష్ణోగ్రత 50 ఫారెన్‌హీట్ కిందికి పోతే ఆకులు నల్లబడతాయి.

ఇక కోత. చాలామంది అడుగున ఉన్న పెద్ద ఆకులు ఒక్కొక్కటే గిల్లుకుంటారు. దాంతో మొక్క కర్రలా పైకి సాగిపోతుంది. కొమ్మను దగ్గరగా చూడండి. ప్రతి జత ఆకుల మొదట్లో, అటొకటి ఇటొకటి గోరంత చిగుళ్లు ఉంటాయి. వాటికి కాస్త పైన కత్తెరతో కత్తిరిస్తే ఆ రెండూ రెండు కొమ్మలవుతాయి. ఇలా చేస్తూ పోతే ఒక్క కుండీ ఇంటికి సరిపోతుంది. పూల వెన్ను కనబడిన రోజే తుంచెయ్యాలి. పూతకు వదిలేస్తే కొత్త ఆకులు తగ్గిపోయి, ఉన్న ఆకుల రుచి మారుతుంది.

రుచి విషయంలో నా అభిప్రాయం: జెనోవీస్ కంటే ఆకు కొంచెం మందం, లవంగం ఘాటు కొంచెం తక్కువ. పెస్టోలో, అంటే బేసిల్ ఆకులు నూనెతో రుబ్బే ఇటలీ పచ్చడిలో, మా ఇంట్లో ఎవరూ తేడా పట్టలేదు. ఇటలీలోని జెనోవా వాళ్లు పెస్టోకి లేత మొక్కల చిన్న ఆకులే వాడతారు. మీరూ చిగురు ఆకులే తీసుకోండి. ముదురు ఆకులు మన పచ్చడికి బాగుంటాయి. వేయించిన పల్లీలు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కాస్త చింతపండు నూరాక ఆఖర్న పచ్చి ఆకు వేసి ఒక్కసారి తిప్పాలి. ఆకును వేయిస్తే వాసన పోతుంది.

అక్టోబర్ చలి వచ్చేలోపు మొత్తం కోసుకోవాలి కాబట్టి నిల్వ గురించి కూడా చెప్పాలి. కోసిన కొమ్మల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, నల్లబడతాయి. గ్లాసు నీళ్లలో వంటింటి గట్టు మీద పెడితే కొన్నాళ్లు తాజాగా ఉంటాయి. ఎండబెడితే వాసన చాలావరకు పోతుంది, నాకు నచ్చదు. మరిగే నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, నీళ్లు పిండేసి, ఆలివ్ నూనెతో రుబ్బి ఐస్ ట్రేలో గడ్డ కట్టించడమే మంచి పద్ధతి. ఆ వేడి వల్ల ఆకు నల్లబడకుండా రంగు నిలుస్తుంది. గడ్డలు జిప్‌లాక్ కవర్లోకి మార్చుకుంటే చలికాలమంతా టమాటా సూప్‌లోకి, పాస్తాలోకి ఒక్కో గడ్డ తీసుకోవచ్చు. పచ్చి ఆకుల్ని నూనెలో వేసి సీసాను బయట మాత్రం ఉంచకండి. గాలి తగలని ఆ తడిలో బోట్యులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది. ఆవకాయలా నూనె కాపాడుతుందనుకోవద్దు. ఆవకాయలో ఉప్పూ పులుపూ ఉంటాయి, ఇందులో ఉండవు.

లోపాలూ ఉన్నాయి. మామూలు బేసిల్ విత్తనాల కంటే ధర ఎక్కువ. తట్టుకుంటుందే గానీ తెగులు అసలు రాదని కాదు. సెప్టెంబర్ మంచుకి అడుగు ఆకుల్లో కొన్ని పసుపెక్కుతాయి. వాటిని తీసేస్తే పై కొమ్మలు బాగానే ఉంటాయి. నీళ్లు ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గర, అదీ పొద్దున పూట పొయ్యండి. కుండీలు ఒకదానికొకటి ఆనకుండా గాలి ఆడేలా పెట్టండి.

పెరడు ఉండి నేలలో వేసేవాళ్లు డివోషన్ చూడండి, అది నిటారుగా పెరుగుతుంది. థాయ్ వంటలకి ఈ రెండూ పనికిరావు, ఆ బేసిల్ వేరు. విత్తనాలు ఫిబ్రవరిలోనే తెప్పించుకోండి, పేరు చివర డీఎంఆర్ ఉందో లేదో చూసి మరీ.