పాప కాళ్లకి ఏఎఫ్ఓ చేయించిన కోఠి షాపు గురించి

మా పాపకి ఆరేళ్లు. పుట్టుకతోనే స్పైనా బైఫిడా, అందులో మైలోమెనింగోసీల్ అనే రకం. నడుము దగ్గర వెన్నెముక మూసుకోక నరాలు తిత్తిలా బయటికొచ్చాయి, పుట్టిన రెండో రోజే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నడుస్తుంది కానీ పాదం పైకి లేపే బలం లేదు, అందుకని మోకాలి కింద నుంచి వేళ్ల దాకా వచ్చే ప్లాస్టిక్ స్ప్లింట్, అదే ఏఎఫ్ఓ, వేసుకోవాలి.

పోయినసారి వేరే చోట రెడీమేడ్ జత కొన్నాం. మూడో రోజు సాయంత్రం సాక్స్ తీస్తే చీలమండ ఎముక మీద చింతగింజంత పుండు. పాప ఒక్కసారి కూడా ఏడవలేదు, అక్కడ తనకి స్పర్శే లేదు మరి. మానడానికి నెలన్నర పట్టింది.

ఈసారి ఫిజియోథెరపీ దగ్గర పరిచయమైన ఒకావిడ చెబితే కోఠిలో సర్జికల్ షాపుల మధ్య ఉన్న ఈ చిన్న వర్క్‌షాపుకి వెళ్లాం. టేపు తీయకముందే అతను అడిగిన మాట, "అమ్మా, పాపకి ఎక్కడి దాకా తెలుస్తుంది?" ఇన్నేళ్లలో ఏ షాపులోనూ ఇది అడగలేదు. ఈ పిల్లలకి లేటెక్స్, అంటే సహజ రబ్బరు, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ, మేం బెలూన్లు కూడా ఇవ్వం, అని చెప్పగానే గ్లవ్స్ తీసేసి చేతులు కడుక్కుని లేటెక్స్ లేని నైట్రైల్‌వి వేసుకున్నాడు.

పీఓపీ కట్టు చుట్టి అచ్చు తీశాడు. ట్రయల్ రోజు నా బ్యాగులో లిప్‌స్టిక్ ఉందా అని అడిగి, పాప చీలమండ ఎముక మీద చుక్క పెట్టి స్ప్లింట్ తొడిగి నాలుగడుగులు నడిపించాడు. తీసి చూస్తే లోపల ప్లాస్టిక్‌కి ఎర్రగా అంటుకుంది. ఒత్తుకునేది అక్కడే అని హీట్ గన్‌తో వేడి చేసి ఆ చోటు బయటికి ఉబ్బించాడు, మళ్లీ తొడిగాడు, ఇలా మూడుసార్లు. మొదటి రోజు అరగంటే వేయండి, తీశాక ఎర్రటి మచ్చ ఇరవై నిమిషాల్లో పోకపోతే ఇక తొడగొద్దు, తీసుకురండి అన్నాడు.

బెంచీ మీద ఉన్న పెద్దావిడ "గ్రహణం రోజు బయట తిరిగావా అమ్మా?" అంది. "గ్రహణం కాదు పెద్దమ్మా" అని అతనే చెప్పాడు, నాకెంత ఊరటో. కడుపులో బిడ్డ వెన్ను మూసుకోవడం గర్భం నిలిచిన మొదటి 28 రోజుల్లోనే జరుగుతుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటారు. అది వేసుకున్నా కొందరికి వస్తుంది, కాబట్టి దయచేసి ఏ తల్లినీ అలా అడగొద్దు. నాలా ఒకసారి ఇలా జరిగినవాళ్లకి డోసు చాలా ఎక్కువ, 4 మిల్లీగ్రాములు, డాక్టర్ని అడిగే వాడాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. షాపు మొదటి అంతస్తులో, లిఫ్ట్ లేదు, ఇరుకు మెట్లు. నడవలేని పిల్లలుంటే ముందే ఫోన్ చేయండి, అతనే కిందికి వస్తాడు. చెప్పిన రోజుకంటే నాలుగు రోజులు ఆలస్యమైంది, ధర కూడా రెడీమేడ్ కంటే బాగా ఎక్కువ, పైగా పిల్లలు ఎదుగుతారు కాబట్టి ఏడాది తిరక్కుండానే మార్చాల్సి రావచ్చు. అయినా రెండు నెలలైంది, ఇంతవరకు ఒక్క పుండు లేదు. వెళ్లేటప్పుడు మామూలుకంటే ఒక సైజు పెద్ద బూట్లు, కుట్లు లేని పొడవాటి కాటన్ సాక్స్ తీసుకెళ్లండి, ట్రయల్ వాటితోనే చేస్తాడు.