జీమెయిలా, అవుట్‌లుకా: 15 జీబీ లెక్క

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక జీబీ చోటు ఉచితమంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. అప్పట్లో హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ. ఆ హాట్‌మెయిలే నేటి అవుట్‌లుక్. ఇప్పుడు రెండూ 15 జీబీ అనే అంటాయి, కానీ ఆ రెండు పదిహేనులూ ఒకటి కావు.

జీమెయిల్‌లో ఆ చోటు మెయిల్‌కీ, ఫైళ్లు దాచుకునే గూగుల్ డ్రైవ్‌కీ, గూగుల్ ఫోటోలకీ కలిపి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ పిల్లలు తలకోనలో తీసిన వీడియోలు ఫోన్‌లోంచి వాటంతటవే బ్యాకప్ అయిపోతుంటాయి. 2021 జూన్ నుంచి అవన్నీ లెక్కలోకే. నిండిందా, కొత్త మెయిల్ రాదు. ఉద్యోగం ఇంటర్వ్యూ పిలుపైనా సరే! చదువు అయిపోవచ్చిన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

అవుట్‌లుక్‌లో మెయిల్‌కు 15 జీబీ విడిగా, ఫైళ్లు దాచుకునే వన్‌డ్రైవ్‌కు 5 జీబీ. అయితే ఒక మెలిక ఉంది. 2023 నుంచి మెయిల్‌తో వచ్చే అటాచ్‌మెంట్లు ఆ 5 జీబీలోనూ లెక్కకొస్తాయి. అది దాటినా మెయిల్ ఆగిపోతుంది. రోజూ బిల్లుల పీడీఎఫ్‌లు నడిపే చిత్తూరు మామిడి గుజ్జు వ్యాపారికి ముందు నిండేది అదే.

అందుకే ఫైళ్లు ఎక్కువుంటే జీమెయిలే మేలంటాను, ఫోటోల బ్యాకప్ ఆపేసి వాడితే. ఉత్తరాలే ఎక్కువైతే అవుట్‌లుక్ చాలు.